వాననీటి పనియు, సంఘముల బాధ్యతయు

ఈ మాసమున మేము సభ్యుల యెదుట ఒక సూచన నుంచుచున్నాము. ప్రాథమిక సహకార సంఘములు తమ తమ గ్రామములలో వాననీటిని నిలుపుట, మళ్లించుట, ఇంకించుట అను పనులను ఒక వృత్తిగా నేర్పుటకు పూనుకొనవలెననియు, నేర్చినవారికి సంఘమే పని చూపి కూలి యీయవలెననియు మా యభిప్రాయము. సంఘమనగా అప్పు లిచ్చునది, ఎఱువులు విత్తనములు అమ్మునది, ధాన్యము కొనునది గదా, నీటితో దానికేమి పని యని కొంద ఱడుగవచ్చును. అప్పు తీఱుట పంటవలన, పంట నీటివలన. బోరు ఎండిన యేట సంఘపు పద్దులో బాకీలు పెరుగుట కార్యదర్శు లందఱు ఎఱిగినదే. వానకు సంఘపు చిట్టాకు సంబంధము లేదనువారు ఒక కఱవు సంవత్సరపు చిట్టా తెఱచి చూడవలెను.

మన యూళ్లనుండి వేసవిలో పనికొఱకు సికింద్రాబాదునకు పోవు యువకులు పెక్కురు. అక్కడ వారు ఇంకుడుగుంతలు త్రవ్వుదురు, కాలువల పూడిక యెత్తుదురు, మేడలమీద గొట్టములు బిగింతురు. మేస్త్రీ ఎంత లోతు చెప్పిన అంత లోతు త్రవ్వుదురు. అంత లోతేల, రాళ్లు అడుగున నేల, ఇసుక పైన నేల యని వారికి చెప్పువారు లేరు. వారు తిరిగి యింటికి వచ్చునప్పటికి కూలి డబ్బులు చేతిలో నుండును గాని, ఆ విద్య యుండదు. ఊరి చెఱువు కట్టుకాలువ ముండ్లతుప్పలతో మూసికొనిపోయి యున్నను, దానిని బాగుచేయు తీరు వారికి తెలియదు. ఇది వారి తప్పు కాదు. నేర్పువా రెవరు?

పట్టణపు వాననీటి గొడవ మనకేల యనియు తలపవలదు. సికింద్రాబాదు వీధులమీద పడిన వాన పికెట్ నాలా మొదలగు కాలువలద్వారా హుస్సేన్ సాగరమునకు పోవును. అచ్చటినుండి పొరలిన నీరు మూసీలో కలియును. మూసీ నీటిని ఘట్కేసరు, బీబీనగరు, భువనగిరి, వలిగొండ ప్రాంతముల రైతులు కత్వలవద్ద మళ్లించుకొని వరిమళ్లకును గడ్డిపొలములకును వాడుచున్నారు. మేడ కప్పుమీద పడినప్పుడు త్రాగదగినంత శుభ్రముగా నున్న నీరు, నాలాలో మురుగుతోను, నూనెతోను, ప్లాస్టిక్కు చెత్తతోను కలిసి మన మడిలోనికి వచ్చుచున్నది. ఆ మడిలో దిగి నాట్లు వేయు స్త్రీల కాళ్లు చూచినవారికి వేఱుగా చెప్పవలసిన పని లేదు. పట్టణమువారు తమ వాననీటిని తమ నేలలోనే యింకించుకొన్నచో, దిగువనున్న రైతునకు మురుగులోనికి వచ్చు వరద తగ్గును. కావున సికింద్రాబాదు నాలా మన పొలపు కాలువకు పై కొసయే.

వరదల మాటయు చెప్పవలసియున్నది. 1908 సెప్టెంబరు 28న హస్తకార్తెలో మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టను బెట్టుకొన్నది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, ఆయన సలహామీద 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తిచేసిరి. అయినను 2000 ఆగష్టు 24న, మఖలో, బేగంపేటయొద్ద ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసి బస్తీలు మునిగినవి. 2020 అక్టోబరు 13న, చిత్తలో, మరల అక్కడనే 19 సెంటీమీటర్లు కురిసెను. ఈ రెండు వరదలకు మూసీ మాత్రమే కారణము కాదు. చిన్న కుంటలు పూడ్చి యిండ్లు కట్టుటయు, నాలాలు ఇఱుకై పోవుటయు కారణములు. 2020లో నేరేడ్‌మెట్టునను, 2023లో సికింద్రాబాదు కళాసిగూడయందును పిల్లలు నాలాలలో పడి మరణించిరి. అట్టివి విన్నప్పుడెల్ల ప్రభుత్వమును నిందించుట సులభము. నిందించుటయు న్యాయమే. కాని ఆ నాలాపై మూత విఱిగినదని వానకు ముందే చూచి, వ్రాసికొని, సరిచేయించు మనిషి ఆ బస్తీలో ఒక్కడైన నియమింపబడి యుండెనా యన్నది మా ప్రశ్న.

సికింద్రాబాదులోనే బన్సీలాల్‌పేట మెట్లబావి యున్నది. ఈ బావిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయుటకు సభ్యులు అనుమతింపవలెను. ఇది 17వ శతాబ్దపుదని చెప్పుదురు. నాగన్నకుంట యని దీనికి పాత పేరు. 1930 ప్రాంతపు దశకమున దీనిని బాగుచేయించి, సేఠ్ బన్సీలాల్ పేర ఆ పేటను కట్టిరి. కుళాయినీరు ఇంటింటికి వచ్చిన పిదప బావితో పని లేకపోయెను. మొదట ఎవరో ఒకరు చెత్తబుట్ట వంచియుందురు. పిమ్మట అందఱును వంచిరి. మెట్లు, స్తంభములు, రాతి తొట్టెలు అన్నియు మట్టిలో కప్పబడిపోయినవి. క్రొత్తగా ఆ పేటకు వచ్చినవారికి తమ కాలిక్రింద బావి యున్నదనియే తెలియదు. 2021లో ది రెయిన్‌వాటర్ ప్రాజెక్టు అను సంస్థవారును, నగరపాలక సంస్థవారును, పేటవాసులును కలిసి త్రవ్వుట మొదలుపెట్టిరి. బండ్లకొలది చెత్త తీసిన కొలదియు మెట్టు తరువాత మెట్టు బయటపడినది. అడుగున నీటిజాడ కనబడినది. 2022 డిసెంబరు 5న బావిని ప్రజల కొఱకు తెఱచిరి. నేడు దానిని చూచుటకు దూరదేశమువారును వచ్చుచున్నారు.

ఇందులో మేము గ్రహించినది రాతిపని సౌందర్యమును గూర్చినది కాదు. బావి చెడిపోవుటకు భూకంపమో వరదయో కారణము గాదు. దానిని కనిపెట్టి యుండవలసిన మనిషి పోవుటయే కారణము. మరల బాగుపడినది గనుక, కనిపెట్టి యుండు మనిషి మరల కావలెను. రాళ్లు పేర్చుటకు ధనము దొరకును, తెఱచునప్పుడు సభ జరుగును. పదియేండ్లు ప్రతి వేసవిలో అడుగు పూడిక తీయుటకు సభయు లేదు, చందాయు లేదు.

మన గ్రామములలో ఒకప్పుడు అట్టి మనిషి యుండెను. అతనిని నీరటి యనెడివారు. తూము తెఱచుట, మూయుట, ఏ మడికి ఎంతసేపు నీరు విడువవలెనో చూచుట, వానకాలపు రాత్రులలో కట్టమీద కాపుండుట, ఎలుకబొక్కను పీతబొక్కను కనిపెట్టి బంకమట్టితో మెత్తుట, మత్తడిమీద నీరెంత యెత్తున పొరలుచున్నదో చూచి దిగువవారికి కేక వేయుట, ఇవన్నియు అతని పనులు. కళ్లములో గింజలు కొలిచి యిచ్చెడివారు. తండ్రివెంట నడిచి కొడుకు నేర్చుకొనెను. గ్రంథ మేమియు లేదు. ఆ పద్ధతి మరల రావలెనని మేము కోరుట లేదని స్పష్టముగా చెప్పుచున్నాము. ఒక కులమువారి మెడకే ఆ పని కట్టి, గింజల కొలతలో కుంచము తగ్గించి, పెత్తనము మాత్రము హెచ్చించిన రోజులవి. పోవలసినదే పోయినది. కాని దానితోపాటు విద్యయు పోయినది, దాని స్థానమున మఱియొక విద్య నేర్పబడలేదు.

ప్రభుత్వములు ఊరకున్నవని యెవరును అనజాలరు. 1997 చట్టముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. 2000లో నీరు-మీరు కార్యక్రమము వచ్చినది. 2006 మొదలు ఉపాధి హామీ పనులలో వేలకొలది గుంతలును కందకములును త్రవ్వబడినవి. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెఱువులను బాగుచేయదలచినది. ఆ ఒండ్రుమట్టిని బండ్లమీద తోలుకొని చల్కనేలకు వేసిన సభ్యులు మనలో ననేకులు గలరు, దాని గుణమును వారు చూచిరి. మంచి పనులే. అయినను సభ్యుల నొక మాట యడుగుచున్నాము: మీ గ్రామపు ఇంకుడుగుంతను గత వేసవిలో ఎవరైన శుభ్రపఱచుట చూచితిరా? చూచినవారు మాకు వ్రాయవలెను, సంతోషముతో ప్రకటింతుము.

ఇంకుడుగుంత చెడిపోవు తీరు తెలిసినచో ఈ మాటలోని తీవ్రత బోధపడును. గుంత అడుగున పెద్ద రాళ్లు, నడుమ కంకర, పైన దొడ్డు ఇసుక వేయుదురు. వాననీటితో వచ్చు సన్నని మట్టి ఇసుకమీద నిలుచును. అది పొరగా పేరుకొని, ఎండి, అలికిన నేలవలె గట్టిపడును. అంతట నీరు దిగదు. నీరు నిలిచి దోమలు పుట్టును. ఇంటివారు విసిగి గుంతను పూడ్చివేయుదురు, లేదా చెత్త వేయుదురు. బాగుచేయుటకో, పై ఇసుకను జానెడు లోతు తీసి, కడిగి, మరల వేయవలెను. తెలిసిన మనిషికి సగము దినపు పని. సగము దినపు పని తెలియక, ఎంతో కూలి పోసి త్రవ్విన గుంత వ్యర్థమగుచున్నది. తమిళనాడులో 2003లోనే ప్రతి యింటికిని వాననీటి యేర్పాటు తప్పనిసరి చేసిరి. మన నగరమునను ఇల్లు కట్టుటకు అనుమతి కోరువారు పటములో గుంత చూపవలసినదే. పటములోని గుంత పటములో నున్నది.

ఇక వానను లెక్కించు విద్య. ఇది చదువుకొన్నవారి సొత్తని మనవారనుకొందురు. అంతకన్న పొరపాటు లేదు. చదరపు మీటరు చోటున ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. ఈ ఒక్క సూత్రము చాలును. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. కావున ఒక మిల్లీమీటరు వానకు ఎకరముమీద 4 వేల లీటర్లకు పైగా పడును. సికింద్రాబాదు ప్రాంతమున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్లు కురియును. అనగా ఎకరముమీద 32 లక్షల లీటర్లు. పట్టణమున 5,000 లీటర్ల ట్యాంకరు కొనువారి లెక్కలో చెప్పవలెనన్న, ఆఱు వందల నలుబది ట్యాంకర్లు. ఎకరము చల్కకు ఆకాశమునుండి ఉచితముగా వచ్చునది ఇంత. దానిని గట్టు దాటనిచ్చి, పిమ్మట అప్పు చేసి వేయి అడుగుల బోరు వేయించుచున్నాము. నూఱు చదరపు మీటర్ల డాబాపై, ఆవిరైనదియు చిమ్మిపోయినదియు తీసివేసినను, ఏటికి 60 వేల లీటర్లకు తక్కువ గాకుండ పట్టవచ్చును.

సేద్యపు కుంట లెక్క యింకను ఉపయోగకరము. పైన 17 మీటర్ల చదరము, అడుగున 8 మీటర్ల చదరము, లోతు 3 మీటర్లు ఉండునట్లు వాలు ప్రక్కలతో త్రవ్విన కుంటలో సుమారు 4 లక్షల 89 వేల లీటర్లు పట్టును. ఎకరము పైరుకు ఒకసారి 5 సెంటీమీటర్ల తడి పెట్టుటకు 2 లక్షల లీటర్లు కావలెను. ఆవిరియు ఇంకుటయు పోగా, పూతదశలో వాన ముఖము చాటువేసిన కందికో ప్రత్తికో ఒక్క తడి నిశ్చయముగా ఈయవచ్చును. ఆ ఒక్క తడితో పైరు నిలుచు సంవత్సరములు కలవని రైతులకు మేము చెప్పవలెనా? అయితే కుంటను పొలములో ఎచ్చట త్రవ్వవలెను, నీరు వచ్చుదారిలో పూడికను ఆపు చిన్న గుంత ఎట్లుండవలెను, నిండినపిదప నీరు గట్టు తెంపకుండ పోవు దారి ఎంత వెడల్పుండవలెను అను మూడు విషయములు తెలియక త్రవ్వినవి రెండేండ్లకే పూడుచున్నవి, తెగుచున్నవి. జేసీబీ నడుపువాడు గంటల లెక్కన త్రవ్విపోవును. వాలు చూచువాడు వేఱొకడు కావలెను.

రైతులు ఈ విద్య నేర్వగలరా యని సందేహించువారికి మన రాష్ట్రమునందే జరిగిన దృష్టాంత మున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో మహబూబ్‌నగరు, నల్లగొండ, అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశము జిల్లాలలోని కఱవు గ్రామములలో, నెదర్లాండ్సు దేశపు ధనసహాయముతోను, ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోను, 2010కి పూర్వము కొన్నేండ్లు రైతులే భూగర్భజలమును కనిపెట్టు పథకము నడచెను. రైతులకొఱకు నీటి పాఠశాలలు పెట్టిరి. పాఠశాల పొలము గట్టుమీదనే. రైతులు, అందులో స్త్రీలును, వానమాపకము చూచి వ్రాసిరి; పక్షమున కొకసారి బావులలో బోరులలో నీటిమట్టమును కొలిచిరి; వానకాలము ముగిసినంతనే కూడి, ఈ యేట నేలలో ఎంత నీరు చేరినది, యాసంగి పంటలకు ఎంత కావలెను అని లెక్కగట్టిరి. ఆ లెక్కను గోడమీద వ్రాసిరి. ఎవరినిగాని వరి వేయవలదని నిషేధింపలేదు. గోడమీది లెక్క చూచి తమంతట తామే వరి తగ్గించి తక్కువ నీటి పైరులు వేసినవారు పెక్కురు. ప్రపంచబ్యాంకు వారును తమ నివేదికలో దీనిని మెచ్చుకొనిరి. సికింద్రాబాదు తార్నాకనుండి పనిచేసిన సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, వాసన్ మున్నగు సంస్థలును మెట్టప్రాంతములలో బోరుబావులను కొందఱు రైతులు కలిసి పంచుకొను పద్ధతిని నేర్పినవి. బోరున్నవాడు లేనివానికి నీ రిచ్చుటకును, క్రొత్త బోరు వేయకుండుటకును వ్రాతమూలక మైన ఒడంబడిక. మన కిది పరస్పర పూచీ అప్పువంటిదే గదా!

అయితే మొదటి పథకముయొక్క తరువాతి కథను దాచుట న్యాయము కాదు. ధనసహాయము ఆగినపిదప చాలగ్రామములలో కొలతలును సమావేశములును సన్నగిల్లినవని తరువాత పోయి చూచినవారు వ్రాసిరి. దీనినిబట్టి రైతులకు శ్రద్ధ లేదని తేల్చుట తొందరపాటు. నేర్చినవారు నేర్చియే యున్నారు. కాని కొలత కొలుచువానికి ఆ దినపు కూలి యెవరిత్తురు? పుస్తకము ఎవరియింట నుండవలెను? మాపకము పగిలినచో ఎవరు కొనవలెను? పరదేశపు ధనముతో వచ్చిన సంఘము పథకముతో వచ్చి పథకముతో పోవును. మన సహకార సంఘమో, గ్రామములో తనకొక గది, పెట్టె, చిట్టా, గుమాస్తా, వార్షిక మహాసభ కలిగి, ప్రభుత్వములు మాఱినను నిలిచియున్నది. 1956లో స్థాపింపబడిన ముల్కనూరు సంఘము నేటికిని రైతుల చేతిలో నుండుటకు కారణ మేమి? అప్పు, ఎఱువు, విత్తనము, అమ్మకము అన్నియు ఒక్క గడపలో జరుగుటయే. నీటి విద్యయు ఆ గడపలోనికే రావలెనని మా వాదము.

పొరుగుననున్న మహారాష్ట్రములో 2016 మొదలు కొన్నేండ్లు పానీ ఫౌండేషన్ అను సంస్థ ఊళ్లమధ్య పందెము పెట్టి, ముందుగా ప్రతి యూరినుండి కొందఱిని పిలిచి నాలుగు దినములు నేర్పి పంపెను. నేర్చివచ్చినవారు ఊరివారిచే పనిచేయించిరి. నాలుగు దినములు చాలునా యని మాకు సందేహమే, కాని మొదలుపెట్టుటకు చాలినవి. కేరళములో త్రిశూరు జిల్లావారు 2008 మొదలు ఇంటికప్పు నీటిని వడగట్టి పెరటిబావిలోనికే విడుచుచున్నారు. మన బావులకును ఇది పనికివచ్చును.

ఏమేమి నేర్పవలెనో సంగ్రహముగా చెప్పుదుము. వానను కొలుచుట, దానికి ప్రక్కలు నిటారుగా నున్న డబ్బాయు కొలబద్దయు చాలును. వాలు చూచుట, తాపీపనివారి నీళ్లపైపు మట్టముతో ఎవరైన అరదినమున నేర్వవచ్చును. గట్లును కందకములును సమమట్టమున గీయుట. కుంటకు చోటు చూచుట. కప్పునీటిలో తొలివానను బయటికి విడిచి పిమ్మట వడకట్టుట. ఎండిన బోరుచుట్టు ఇంకుడుగుంత కట్టుట. ఈ చివరి పనిలో ఒక హెచ్చరిక. పశువులకొట్టపు నీటినిగాని వీధి మురుగునుగాని, వడకట్టకుండ ఏ నీటినైనగాని బోరులోనికి విడుచుట మహాపరాధము. ఒక బోరులో పోసిన మురుగు నాలుగిండ్ల బోరులలో తేలును. తూము, మత్తడి, కట్టలను వానకు ముందును వానలోను పరీక్షించుటయు నేర్పవలెను. చెఱువు తెగుటకు ముందు కట్ట వెనుక తడి కనబడును. ఆ తడి ఊట తేటగా నున్నంతవఱకు కొంత నయము, మట్టిరంగుగా మాఱినచో లోపల కట్ట కోసికొనిపోవుచున్న దని యర్థము. ఈ ఒక్క గుఱుతు తెలిసినవాడు రాత్రి కట్టమీద నుండుట యూరికి క్షేమము.

ఇంతకన్న ముఖ్యమైనది ప్రాణరక్షణ. పాడుబావిలోనికిగాని, మూసిన నాలాలోనికిగాని మనిషి ఊరకే దిగరాదు. అందలి విషవాయువు వాసనకు తెలియకుండ చంపును. మురుగుగుంతలలోనికి రక్షణలు లేకుండ మనుష్యులను దింపుట 2013 చట్టముచే నేరము. ఆ పనికి నేటివఱకు ఎవరిని దింపిరో, వారే కులములవారో అందఱు నెఱిగినదే. మన శిక్షణ ఆ పాత అన్యాయమునకు క్రొత్త పేరు కారాదు. శిక్షణకు ఎన్నుకొనువారిలో అన్ని వాడలవారు నుండవలెను, సగముమంది స్త్రీలుండవలెను. నీరు మోయునది వారు, కొలుచునది మగవాడా?

ధనము మాట. 2023లో కేంద్ర సహకార మంత్రిత్వశాఖవారు సిద్ధపఱచిన ఆదర్శ నిబంధనావళి ప్రాథమిక సంఘములు 25కు పైగా పనులు చేపట్టుటకు వీలు కల్పించినది. గ్రామపు నీటిసరఫరా నిర్వహణయు అందులోనిదే. కావున సంఘము నీటిపనికి రుసుము తీసికొనుటకు అడ్డు లేదు. సభ్యుని కుంటకు చోటు చూచి గీయుటకు కొంత, ఇంకుడుగుంత కడుగుటకు కొంత, పంచాయతీవారి గుంతలకు ఏడాది గుత్త. ఇదిగాక మఱియొక దారి యున్నది. చైత్ర వైశాఖములలో మనకు పొలము పని తక్కువ. సరిగ్గా ఆ నెలలలోనే, వానకు ముందు, సికింద్రాబాదులోని మేడలవారికి కప్పులు, గొట్టములు, గుంతలు శుభ్రపఱచు అవసరము. మన పిల్లలు ఎట్లును ఆ పట్టణమునకు పోవుచున్నారు. మేస్త్రీక్రింద విడివిడిగా పోవుటకు మాఱు, సంఘపు చీటితో, సంఘము కుదిర్చిన కూలితో, భీమాతో, ఒక జట్టుగా పోయినచో మేస్త్రీకి పోవు భాగము వారి చేతికే వచ్చును. లేబరు కాంట్రాక్టు సహకార సంఘములు మనకు క్రొత్తవి కావు.

నేర్చినవారు పట్టణముననే నిలిచిపోవుదురని ఒక పెద్ద సభ్యుడు మాతో ననెను. కొందఱు నిలిచిపోవుదురు. వారిని కట్టివేయ నేల? పదిమందికి నేర్పిన ముగ్గురు గ్రామమున నుందురు; ఇప్పుడు ఒక్కడును లేడు. ఇది ప్రభుత్వపు పని, మన కేల అనువారికి మా ప్రత్యుత్తరము వేఱు. చెఱువు ప్రభుత్వమువారిదే, తెగినప్పుడు పోవు నాట్లు మాత్రము మనవి.

నేర్పువారికి కొఱత లేదు. రాజేంద్రనగరమున వాలంతరి యనబడు జల, భూమి యాజమాన్య శిక్షణ పరిశోధన సంస్థ యున్నది. అచ్చటనే జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థయు నున్నది. సంతోషనగరమున మెట్టసేద్యపు కేంద్ర పరిశోధన సంస్థ, క్రీడా, కలదు. హయత్‌నగరమున దాని పొలము చూడదగినది. జిల్లాలలో కృషి విజ్ఞాన కేంద్రములున్నవి. సంఘపు తీర్మానముతో వ్రాసిన యుత్తరమునకు, ఒక్క రైతు వ్రాసిన దానికన్న త్వరగా జవాబు వచ్చుననుట మా యనుభవము. వారు చెప్పు పాఠములతోపాటు, మీ యూరిలో పాత నీరటి పనిచేసిన ముసలివా రెవరైన మిగిలియున్నచో, వారిని పిలిచి కుర్చీ వేసి కూర్చుండబెట్టి పాఠము చెప్పించుడు, దినభత్య మిండు.

రాబోవు మహాసభలో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు తేవలెనని కోరుచున్నాము. మొదటి యేట నలుగురిని, అందు నిద్దఱు స్త్రీలను, ఎన్నుకొనిన చాలును. మృగశిరకు ముందే సంఘపు డాబామీద, చెట్టునీడ తగులని చోట, ఒక వానమాపకము నుంచవలెను. ప్రతి దినము ఉదయము 8-30 గంటలకు కొలిచి, ఎఱువుల ధరలు వ్రాయు నల్లబల్లమీదనే ఆ దినపు వానయు వ్రాయవలెను. ఆ పని గుమాస్తాకు గాక, ఎన్నుకొనబడిన నలుగురికే వంతులవారీగా అప్పగించి, దినమునకు కొంత భత్యము సంఘపు ఖర్చులలో చూపవలెను. ఏ సంఘమువా రైనను కార్తికమాసాంతమునకు తమ వాన లెక్కలను మాకు పంపినచో ఈ పత్రికలో ఊరిపేరులతో వరుసగా ప్రకటింతుము.